ముత్తవ్వ ముప్పై ఒక్క గంటల రోజు

నిజామాబాద్,
4 నవంబర్ 2024

రేణుకత్తమ్మకు నమస్కారాలు.

మొన్న ఫోను చేస్తే మామయ్య ఎత్తి, వెంటనే అందరికీ వినబడేలా పెట్టారు. "ఆడవాళ్ల సంగతి ఒకటి మాట్లాడాలి, అత్తమ్మకు ఇవ్వండి" అన్నాను. అక్కడ కూర్చున్న నలుగురు ఒకేసారి దగ్గారు. ఆ దగ్గులకు భయపడి పెట్టేశాను. అందుకే ఇక ఉత్తరాలు. మా ఆఫీసు కాగితాలు ఎలాగూ రెండు మూడు రోజులకోసారి బోధన్ బస్సులో వస్తాయి, వాటితోపాటే పంపుతాను.

నా ఉద్యోగమేమిటో బాపుకు ఇప్పటికీ అంతుబట్టలేదు. "గా పిల్ల ఇండ్లల్లకు పోయి ఏం తిన్నరని అడుగుతది, గంతే" అని బాల్కొండలో అందరికీ చెబుతున్నాడట. దాదాపు అంతే. పేద ఇళ్లలో ఆడవాళ్లకూ పిల్లలకూ రోజు ఎలా గడుస్తుందో కనుక్కుని, ఆ కాగితాలు పట్టుకుని కమిటీల ముందు వాదించడం మా సంస్థ పని.

ఇప్పుడు నీతో పనిపడింది. బీడీలు చేసే తల్లుల పిల్లలను పగలంతా చూసుకోవడానికి ఒక గది, ఒక ఆయమ్మ, మధ్యాహ్నం అన్నం ఇస్తామని మా కమిటీ ఒప్పుకుంది. అయితే ఒక్క ఊరికే. మీ ఎర్రకుంటకా, సిరికొండ వైపు మరో ఊరికా అన్నది తేలాలి. ఎక్కడి ఆడవాళ్లకు ఊపిరి సలపడం లేదో అక్కడికి. అది తేలడానికి ఒక్కో ఊళ్లో పన్నెండు మంది వారం రోజులు తాము లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏ పని ఎంతసేపు చేశారో రాయాలి. ఫారాలు పంపుతున్నాను. నువ్వు పది పాసైనదానివి, నీ మాట వింటారు.

దాచకుండా రాయమను. మేము ఎవరినీ తప్పు పట్టం.

ఉంటాను,
సుకన్య

*

ఎర్రకుంట,
13 నవంబర్ 2024

చిరంజీవి సుకన్యకు అత్తమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ మామకు అన్నం లేటుగా పెట్టాను. దగ్గిన నలుగురిలో ఆయనే మొదటివాడు.

ఆడవాళ్లను మా అరుగు మీద కూర్చోబెట్టి సంగతి చెప్పాను. అందరికంటే ముందు ముత్తవ్వ అడ్డం తిరిగింది. కొడుకూ కోడలూ చెరుకు కోతకు పోతూ ఇద్దరు మనవలను ఆమె మీద వదిలిపెట్టారు, అరవై ఏళ్ల మనిషి. "నేను పొద్దుగాల లేసి ఏం జేస్తనో గాళ్లకెందుకు? గాళ్లు ఏం జేస్తున్నరో నేను అడిగిన్నా?" అన్నది. పిల్లల గది వస్తుందని చెప్పాక, "ముందుగాల గా ముచ్చట సెప్పాలె గదనే" అని నన్నే తిట్టి ముందు వరుసలో కూర్చున్నది.

ఆ గది మాకు ఎందుకు కావాలో నీకు ఒక్క ఇంటి సంగతి చెబుతాను. మా పక్కింటి సవిత భర్త చెరుకు లారీ మీద పోతాడు, వారానికోసారి కనిపిస్తాడు. సవిత చాట ముందు కూర్చుంటే ఇల్లు నడుస్తుంది. చిన్న కూతురు హర్షిణికి మూడేళ్లు. ఆ పిల్ల చాటలోని తంబాకు పారబోయడమో, కాలువ వైపు పరుగెత్తడమో, రెండే ఆటలు నేర్చింది. అంగన్‌వాడీకి పంపాలంటే ఆ కాలువే దాటాలి. కాబట్టి పెద్ద కూతురు దీక్షిత దాన్ని ఎత్తుకుని తిరుగుతుంది. పదకొండేళ్లు. ఆరో తరగతిలో పేరుంది, మనిషి లేదు. ఏడాదిన్నర అయింది బడికి పోయి. గది వస్తే దీక్షిత బడికి పోతుంది. నాకు కావలసింది ఇదే, మిగతా పదకొండు మంది సంగతి వాళ్లు చూసుకుంటారు.

ఫారాలన్నీ దీక్షితే రాసింది, దాని చేతిరాత నీ కంటే బాగుంటుంది. వాడకట్టు మొత్తానికి ఉన్నది నా గోడ గడియారం ఒక్కటే, అదీ పండుగ నుంచి ఆగి ఉన్నది, ఫోనేమో మీ మామ జేబు దాటదు. అందుకని ఎంతసేపు అన్నచోట మా చేతుల లెక్క ప్రకారం రాయించాను. అది నీకు తెలిసిందే. ఇక మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాతి గడిలో పని పేరు ఖాళీగా ఉంటుంది. పన్నెండు మందీ సిగ్గుపడి రాయొద్దన్నారు. ఆడపిల్లవు, అర్థం చేసుకో.

బస్సులో డబ్బా పంపుతున్నాను. పచ్చిపులుసు కాదు, ఒలకదు.

నీ మేలుకోరే
కె. రేణుకమ్మ, పదవ తరగతి

*

నిజామాబాద్,
14 నవంబర్ 2024

అత్తమ్మా,

ఫారాలు చదివాను. మళ్లీ చదివాను. తర్వాత ఒక చెంబు నీళ్లు తాగి మూడోసారి చదివాను.

నేను ఎవరినీ తప్పు పట్టనని ముందే రాశాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ అత్తమ్మా, నీళ్లు పట్టడం పక్కన నలభై బీడీలు! పప్పు పక్కన డెబ్బై ఐదు! పిల్లకు స్నానం పక్కన ఇరవై ఐదు! మొదట అవి చేసిన బీడీలనుకున్నాను. స్నానం చేయించే తడి చేతులతో ఎవరు చేస్తారు? అప్పుడు అర్థమైంది. ఆ మాట నా చేత్తో రాయలేను.

పోనీ పని ఒత్తిడి అనుకుందాం. అన్నం తిన్న తర్వాత, పని పేరే లేకుండా, యాభై. పన్నెండు మందికీ యాభై. నువ్వూ ఉన్నావు ఆ లెక్కలో. ఎప్పటి నుంచి అత్తమ్మా ఈ అలవాటు? మామయ్యకు తెలుసా? నీ మీద నాకు గౌరవం రవ్వంత తగ్గలేదు. కానీ ఆరోగ్యం చూసుకోవాలి కదా. పిల్లల ముందు మాత్రం వద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

డబ్బా కడిగి పంపుతున్నాను. కూర బాగుంది, సగమే మింగుడు పడింది.

నీ
సుకన్య

*

ఎర్రకుంట,
18 నవంబర్ 2024

సుకన్యా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. పట్నంలో నాలుగేళ్లుంటే మనిషి ఇట్లా తయారవుతుందా?

పప్పుకు డెబ్బై ఐదు ఎక్కువంటావా? ఈసారి వచ్చింది ముదురు కందిపప్పు. శనగపప్పైతే వంద దాటేది. నీకు ఆఫీసు పక్కన హోటలున్నది కాబట్టి తెలియదు.

ఇక మధ్యాహ్నం సంగతి. అవును, యాభై. రాయించింది యాభై కానీ నాకు ఒక్కోరోజు డెబ్బై ఐదు కూడా అవుతుంది. అరుగు మీద చల్లగాలికి ఒక పక్కకు ఒరిగితే ఆ సుఖమే వేరు. మీ మామకు తెలియకేం? ఆయన నా పక్కనే, నా కంటే ఎక్కువ. మీ బాపు మాత్రం తక్కువ తిన్నాడా? పసుపు ఉడకబెట్టే రోజుల్లో బస్తాల చాటుకు పోయి వంద అయితే గానీ బయటికి వచ్చేవాడు కాదు. మీ అమ్మ వెతికి వెతికి అలిసిపోయేది.

పిల్లల ముందు వద్దంటావా? పిల్లలకు అసలు అదే కావాలి. హర్షిణికి నేనే దగ్గరుండి అలవాటు చేశాను. అన్నం తిన్నాక నా ఒళ్లో పడుకోబెట్టుకుని మొదలుపెడితే యాభై దాకా కదలదు. ఒక్కరోజు తప్పితే సాయంత్రం ఒకటే పేచీ. ఒక్క దీక్షితకే ఆ అదృష్టం లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు.

ఇందులో సిగ్గుపడేది ఏమున్నదని అందరికీ చెప్పాను. వచ్చేసారి ఖాళీ వదలకుండా పేరుతో సహా రాస్తాం.

గది సంగతి రాయి.

రేణుకమ్మ

*

నిజామాబాద్,
20 నవంబర్ 2024

అత్తమ్మా,

మూడేళ్ల పిల్లకా! నువ్వే దగ్గరుండా!

నేను ఆగలేకపోయాను. మా చక్రవర్తి సారుకు అన్నీ చూపించాను. ఆయన ఇరవై ఏడేళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు గోడ వైపు చూశారు. "ఇలాంటిది ఎక్కడా చదవలేదమ్మా" అన్నారు. ఈ నెల 28న బోధన్ నుంచి డాక్టర్ హైమగారు మీ ఊరికి వస్తున్నారు. ఆ అలవాటు మాన్పించడానికే. మిషను కూడా తెస్తున్నారు. దయచేసి అందరూ రావాలి. గది గురించి కమిటీ ఆ తర్వాతే చూస్తానంది.

కోప్పడకు. బాపు సంగతి ఇప్పటిదాకా అమ్మకు చెప్పలేదు, చెప్పను.

సుకన్య

*

ఎర్రకుంట,
29 నవంబర్ 2024

సుకన్యా, తెలివితక్కువ పిల్లా,

ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వస్తున్నాయి. వరుసగా చెబుతాను.

నీ ఉత్తరం చూసి మేమేమనుకున్నాం? మధ్యాహ్నం కునుకు మాన్పించడానికి డాక్టరును, మిషనును పంపుతున్నారని అనుకున్నాం. పన్నెండు మందీ మండిపడ్డారు. "పండుకుంటే ఆళ్లదేం పోయింది? మిషను పెట్టి లేపుతరా?" అని ముత్తవ్వ రాత్రంతా గొణిగిందట. 28న అందరం కొంగులు బిగించి కూర్చున్నాం.

డాక్టరమ్మ వచ్చింది. మంచి మనిషి, బోధన్ పక్కన కాలువ భూములున్న ఆంధ్రోళ్ల ఇంటి పిల్ల. గోడకు నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి తగిలించి, "అమ్మా, భయపడకండి. నిజం చెప్పండి. రోజుకు ఎన్నండీ?" అని అడిగింది. ముత్తవ్వ లేచి నిలబడి, "ఎనిమిది వందలు. పండుగ ముందట వెయ్యి గూడ జేస్త" అన్నది. డాక్టరమ్మ కుర్చీ కోసం వెనక చేయి పెట్టి వెతుక్కున్నది. సవిత తనది తొమ్మిది వందలన్నది. నేను నాకు ఈమధ్య కళ్లు కనిపించక ఆరు వందలకు దిగిందన్నాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, "పోనీలెండి, తగ్గించుకున్నారు" అని మెచ్చుకున్నది.

తర్వాత మిషను. గొట్టంలో ఊదితే ముల్లు జరుగుతుంది. నలభై ఏళ్లుగా పొయ్యి ఊదిన మనిషి ముత్తవ్వ. ఒక్క ఊదు ఊదితే ముల్లు ఆ చివరికి పోయి అక్కడే ఆగింది. డాక్టరమ్మ మిషనును తట్టింది, తిప్పింది, తానే ఊదింది. ఆమెకు సగం దాకే వచ్చింది. "రోజుకు ఎనిమిది వందలు తాగే మనిషికి ఈ ఊపిరేంటండీ!" అని అరిచింది.

"తాగుడా? ఎవలు తాగుతున్నరు?" అన్నది ముత్తవ్వ.

అప్పుడు దీక్షిత, చంకలో హర్షిణితో, వెనక నుంచి చెప్పింది. "డాక్టరమ్మా, గది తాగే లెక్క గాదు. గది టైము. ఇరవై ఐదు బీడీలు జేస్తే ఒక కట్ట. పప్పుడికే లోపట మూడు కట్టలైతయి, గందుకే డెబ్బై ఐదు రాసిన. నీళ్లకు పోయినామె అచ్చేటాలకు అరుగు మీద కూసున్నామె ఎన్ని జేసిందో గదే రాసిన."

డాక్టరమ్మ ఎంత నవ్విందంటే ఆమెకే నీళ్లు ఇయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత మాతో అన్నం తిని, మా అరుగు మీద పడుకుని, డెబ్బై ఐదు దాకా లేవలేదు. ఆ నల్లబొమ్మ నా దగ్గరే మరిచిపోయింది. తంబాకు దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోమని మాత్రం గట్టిగా చెప్పి పోయింది, అది మంచిమాటే.

నీకు ఇది తెలియకపోవడం నా తప్పే. పసుపు ఇంట్లో పుట్టినదానివి, బీడీల ఇంటి సంగతి నీకెట్లా తెలుస్తుంది? కానీ నన్ను, హర్షిణిని పొగ తాగేవాళ్లను చేశావు చూడు, అది మరిచిపోను. ఆ సంగతి విన్నప్పటి నుంచి మీ మామ నాకు అగ్గిపెట్టె అందిస్తున్నాడు.

గది ఏమైంది? దీక్షిత రోజూ అడుగుతున్నది. నేరుగా అడగదు. "సుకన్యక్క ఉత్తరం అచ్చిందా" అని అడుగుతుంది.

అత్తమ్మ

*

నిజామాబాద్,
4 డిసెంబర్ 2024

అత్తమ్మా,

మూడు రోజులుగా ఆఫీసులో తల ఎత్తడం లేదు. చక్రవర్తి సారు అప్పటికే ముగ్గురు పెద్దమనుషులకు ఫోన్లు చేసి, "ప్రపంచంలోనే మొదటి కేసు" అని చెప్పి ఉన్నారు. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోను చేసి కాదని చెప్పుకుంటున్నారు. నేను ఎదురుపడితే అటు తిరిగి టీ తాగుతున్నారు. నన్ను క్షమించు. ముత్తవ్వను కూడా క్షమించమని అడిగానని చెప్పు. బాపుకు మాత్రం చెప్పకు.

అన్నీ మళ్లీ లెక్కగట్టాను. ఎవరి చేయి ఎంత వేగమో దీక్షిత ఒక్కో ఫారం అంచున రాసి పెట్టింది, అదేమిటో అప్పుడు నాకే అంతుబట్టలేదు, దాని బుర్రకు దండం పెట్టాలి. అందరి బీడీలనూ గంటల్లోకి మార్చాను. అక్కడే కొత్త చిక్కు వచ్చింది. నిద్రతో కలిపి సవిత రోజు ఇరవై తొమ్మిది గంటలు వచ్చింది. నీది ఇరవై ఆరు. ముత్తవ్వది ముప్పై ఒకటి.

సారు ఒక దెబ్బ తిన్న మనిషి కదా, ఈసారి గట్టిగా ఉన్నారు. "రోజుకు ఇరవై నాలుగు గంటలే అమ్మా. ఇది నేను పెట్టిన రూలు కాదు" అన్నారు. సిరికొండ వైపు నుంచి వచ్చిన ఫారాలు అన్నీ సరిగ్గా ఇరవై నాలుగు. నాకు తెలుసు, అక్కడ ఒక్కరే కూర్చుని పన్నెండూ నింపారు, సిరా కూడా మారలేదు. కానీ లెక్క సరిపోయింది. 27న కమిటీ. ఆ లోపల మీవి సరిచేయకపోతే ఎర్రకుంటను పక్కన పెట్టేస్తారు.

ముత్తవ్వను అడిగి ఒక ఏడు గంటలు తగ్గించి రాయించగలవా?

నీ
సుకన్య

*

ఎర్రకుంట,
8 డిసెంబర్ 2024

సుకన్యా,

నీ మాట ముత్తవ్వకు చదివి వినిపించాను. "ఏడు గంటలు తగ్గియ్యాల్నట" అన్నాను. ఆమె చాట కింద పెట్టి నిజంగానే ఆలోచించింది, పాపం. వంట తీసేద్దామంటే మనవలు ఏం తింటారు? బీడీలు తీసేద్దామంటే వంట ఎక్కడిది? మనవలనే తీసేద్దామంటే కొడుకుకు ఏం చెప్పాలి? చివరికి, "నేను గోడకు ఒరిగి అర్ధగంట ఊకె కూసుంట గద, గది కొట్టెయ్యుమను" అన్నది. నేను కొట్టేయను. ఆమెకున్నది అదొక్కటే.

అబద్ధం రాయలేదు మేము. పప్పు పొయ్యి మీద ఉంటుంది, బీడీ చేతిలో ఉంటుంది, పిల్ల కాలి మీద ఊగుతూ ఉంటుంది. మూడూ పనే. మూడూ రాశాం. మీ సారుకు ఒకేసారి ఒకటే పని చేయడం వచ్చు, అది మా తప్పా?

నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోమను. గడియారం తెచ్చుకోమను, నాది ఆగి ఉన్నది.

రేణుకమ్మ

*

నిజామాబాద్,
11 డిసెంబర్ 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం ఆయన బల్ల మీద పెట్టి పారిపోయాను. చదివారు. 17న వస్తున్నారు! తెల్లవారుజామున ఐదింటికే ముత్తవ్వ ఇంటి ముందు ఉంటారట. ఒక్క మాట, ఆయన గ్యాసు మనిషి. ఒంటిగంటకు అన్నం పడకపోతే కష్టం.

సుకన్య

*

ఎర్రకుంట,
18 డిసెంబర్ 2024

చిరంజీవి సుకన్యకు,

మీ సారు బతికే ఉన్నాడు. ఆ మాట ముందు చెబుతున్నాను.

చెప్పినట్టే ఐదింటికి వచ్చాడు. మెడలో మఫ్లరు, చేతిలో అట్ట, అట్ట మీద ఫారం, మణికట్టుకు ఒక గడియారం, జేబులో మరొకటి. ముత్తవ్వ లేచి ఒక చేత్తో పొయ్యి రాజేసి, నానబెట్టిన తునికాకు రెండో చేత్తో దులిపి, ఏడుస్తున్న చిన్న మనవడిని కాలితో ఊపడం మొదలుపెట్టింది. సారు మూడు గడుల్లోకి పెన్ను మార్చి మార్చి చివరికి కాగితం చింపుకున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట చూడు. "అమ్మా, దయచేసి ఒక్కొక్కటే చేయండి. నాకు రాసుకోవడానికి వీలుగా ఉంటుంది."

ముత్తవ్వ సంగతి నీకు తెలియదు. పెద్దమనిషి నోటి నుంచి మాట వచ్చిందంటే అక్షరం తప్పదు. "సారు సెప్పిండు గద" అని ఆకు కింద పెట్టింది. పొయ్యి ముందు కూర్చుని నీళ్లు మరిగేదాకా వాటినే చూస్తూ ఉన్నది. అవి మరిగాక దించి, అప్పుడు పిల్లవాడి దగ్గరికి పోయింది. వాడు పడుకునేదాకా ఊపింది. పెద్దవాడు లేచాడు, వాడిని చూసుకున్నది. అప్పుడు ఆకు కత్తిరించడానికి కూర్చున్నది. సారు హాయిగా రాసుకున్నాడు, రాత చాలా అందంగా వచ్చిందట.

పదకొండింటికి ఆయన పొయ్యి వైపు చూశాడు. చల్లగా ఉన్నది. పన్నెండున్నరకు మళ్లీ చూశాడు. ఒంటిగంటకు, "అమ్మా, వంట..." అన్నాడు. "ఈ ఆకు అయినంక సారు, ఒక్కొక్కటే గద" అన్నది. నేను అన్నం పంపుతానంటే, లెక్క చెడుతుందని ఆయనే వద్దన్నాడు. మొండి మనిషే, అది మాత్రం మెచ్చుకోవాలి. చిన్న మనవడు ఎవరూ ఎత్తుకోక ఆయన ఒళ్లోకి ఎక్కి, అక్కడే తడిపేశాడు. దాన్ని ఏ గడిలో రాయాలని ఆయన నన్ను అడిగాడు. నాలుగున్నరకు అన్నం ఉడికింది. పప్పు లేదు, ఇంకా దాని వంతు రాలేదు. మీ సారు ఉత్త అన్నంలో ఉప్పు వేసుకుని తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

చీకటి పడేసరికి ముత్తవ్వ చాటలో రెండు వందలు కూడా కాలేదు. "ఇంకా ఎంత పని ఉందమ్మా?" అని అడిగాడు. ఆమె చెబుతూ పోయింది, ఆయన రాస్తూ పోయాడు. నిద్ర కూడా కలిపి చూస్తే ఆ రోజు పని మర్నాడు పన్నెండింటికి అవుతుందని తేలింది. ఐదింటి నుంచి మర్నాడు పన్నెండు దాకా వేళ్లు పెట్టి లెక్కబెట్టుకున్నాడు. రెండోసారి లెక్కబెట్టాడు. ముప్పై ఒకటి. మఫ్లరు తీసి ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు రాసేది నవ్వే సంగతి కాదు.

బస్సు కోసం లేచి, ఆయన దీక్షితను చూశాడు. పొద్దున ఐదింటికి వచ్చినప్పుడు హర్షిణి దాని చంకలో ఉన్నది, అప్పుడూ అక్కడే ఉన్నది. "ఏ క్లాసమ్మా?" అంటే, "ఆరు సార్" అన్నది. "ఇవాళ బడికి పోలేదా?" అంటే, "మీరు అచ్చిండ్రని పోలే" అన్నది. తల్లిని తప్పుపడతారేమోనని ఆ పిల్ల అబద్ధం చెప్పింది. ఆయనకు అర్థమైంది. నా వైపు తిరిగి, "ఈ పాప ఫారం ఏదండీ?" అని అడిగాడు.

లేదు. పన్నెండు మందివీ వారం రోజులు కూర్చుని రాసింది అదే, దాని రోజు ఎవరం రాయలేదు. నాకే తట్టలేదు సుకన్యా, దాన్ని బడికి పంపాలని రోజూ అనుకునే నాకే తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన బస్సు వదిలేసుకుని, కొత్త ఫారం తీసి, అది చెబుతుంటే తన చేత్తో రాసుకున్నాడు. పద్నాలుగు గంటలు వచ్చింది. అందులో ఆట అన్న గడిలో ఏం రాయాలంటే, "హర్షిణిని ఆడిపిస్త" అన్నది.

ఆయనను మీ మామ బండి మీద బోధన్‌లో దింపి వచ్చాడు. దారిలో రెండుచోట్ల ఆపి తినిపించాడట.

అత్తమ్మ

*

నిజామాబాద్,
28 డిసెంబర్ 2024

అత్తమ్మా, వచ్చేసింది! గది మీకే!

ఊపిరి పీల్చుకుని రాస్తున్నాను. నిన్న కమిటీలో సారు ముప్పై ఒకటి చదవగానే ఒకాయన నవ్వాడు. "చక్రవర్తిగారూ, మొన్న పొగ అన్నారు, ఇప్పుడు గడియారం మీద పడ్డారా?" అన్నాడు. సారు మధ్యాహ్నం ఒంటిగంట దాకా చదువుతూనే ఉన్నారు. భోజనానికి లేద్దామంటే, "ఒక్కొక్కటే సార్. ముందు ఇది కానివ్వండి" అన్నారు. రెండైంది. రెండున్నరైంది. బయట బిర్యానీ వాసన. మూడింటికి ఆ నవ్వినాయనే, "ముప్పై ఒకటేనండీ, ఒప్పుకుంటున్నాను, అన్నం పెట్టించండి" అన్నాడు.

అప్పుడు సారు దీక్షిత ఫారం తీసి చదివారు. అది ఒక్క పేజీయే. చదవడం అయ్యాక బిర్యానీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఏడ్చాను. నువ్వుంటే తిట్టేదానివి.

సిరికొండ వైపు ఊరికి జనవరిలో నేనే పోయి మళ్లీ ఫారాలు రాయిస్తాను. వాళ్ల లెక్క వాళ్ల నోటితోనే రావాలని సారు పట్టుబట్టారు. మీ గది 20న మొదలు. వేరే ఇల్లు దొరికేదాకా మీ ముందు గది ఇవ్వమని అడగమన్నారు. మామయ్య టీవీ అక్కడే ఉంటుందని నాకు తెలుసు. ఆ నలుగురు దగ్గేవాళ్లు కూడా అక్కడే ఉంటారని తెలుసు. ఎట్లా చేస్తావో నీ ఇష్టం.

పట్టరాని సంతోషంతో
నీ కోడలు పిల్ల

*

ఎర్రకుంట,
21 జనవరి 2025

బిడ్డా సుకన్యా,

గది నిన్న తెరిచాం. మీ మామ టీవీ పశువుల కొట్టంలోకి పోయింది. బర్రెతో కలిసి వార్తలు చూస్తున్నాడు. నలుగురిలో ముగ్గురు ఇక రావడం మానేశారు.

మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. ఆయమ్మ మంచిది, గొంతు పెద్దది. ముత్తవ్వ మనవలిద్దరినీ లోపలికి నెట్టి ఇంటికి పోయి, ఒక గంటకే తిరిగి వచ్చి గడపలో చాట పెట్టుకుని కూర్చున్నది. ఇంట్లో కాలు ఊపడానికి ఎవరూ లేక పని సాగడం లేదట. పొమ్మంటే పోదు.

హర్షిణి పెట్టిన గోల చెప్పడానికి లేదు. దీక్షిత దింపి కదలబోతే, దాని లంగా రెండు చేతులా పట్టుకుని "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. సవిత అక్కడే నిలబడి ఉన్నది, చేతులు చాచి. ఆ పిల్ల సవిత వైపు చూడను కూడా లేదు. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆడవాళ్లందరూ ఎటో చూస్తూ నిలబడ్డారు. దీక్షిత వంగి, ఒక్కో వేలూ విడిపించి, "నేను అక్కను. అమ్మ అగో, ఆడున్నది సూడు" అని తల్లి చేతికి ఇచ్చింది. సవిత ఆ పూటంతా ఇక్కడే కూర్చున్నది. పనికి పొమ్మని నేను అనలేదు.

దీక్షిత వెనక్కి చూడకుండా బడికి పరుగెత్తింది. అప్పటికి ఎనిమిది కూడా కాలేదు. తొమ్మిది దాటితే గానీ బడి గేటు తీయరు.

సాయంత్రం వచ్చాక పిలిచి అడిగాను. పంతులమ్మ ఏమన్నది, ఎవరి పక్కన కూర్చున్నావు, అన్నీ అడిగాను. అన్నిటికీ చెప్పింది. గేటు తీసేదాకా ఆ గంటకు పైగా ఏం చేశావే అని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించింది. తర్వాత నవ్వింది. దాని పళ్లు అట్లా కనిపించడం నేను ఇదే చూడటం.

"ఏం జెయ్యలే పెద్దమ్మా. ఉత్తగ కూసున్న" అన్నది.

మీ అత్తమ్మ,
రేణుకమ్మ